ముందు కషాయం, తర్వాత మాత్ర

పల్లేరుకాయలు చేత్తో ఏరితే వేళ్లు మిగలవు. ఈ సంగతి నాకు ఎంఫార్మసీ రెండో ఏడాదిలో, సదుం రోడ్డు పక్కన ఒక బీడు చేలో తెలిసింది. గంటసేపు వంగి ఏరినా పిడికెడు కాయలు కాలేదు. నాకు కావలసింది మూడు కిలోలు, అదీ ఎండబెట్టినవి. ముల్లు దిగిన వేలు నోట్లో పెట్టుకుని, ఈ ప్రాజెక్టు నాకు అంటగట్టిన మా గైడును మనసులో నానా మాటలూ అంటూ చేలోనే చతికిలబడ్డాను.

తోడు రమ్మని అడిగితే ఆరోజు పని మానుకుని వచ్చిన మా అత్త గట్టు మీద నిలబడి కాసేపు నా అవస్థ చూసింది. "నువ్వు లెయ్ పాపా" అంటూ కొంగు బిగించి దోపుకుంది. వెంట తెచ్చుకున్న పాత గోనెసంచిని చింపి పరిచి, రెండు మూలలకు తాడు కట్టి, మీద ఒక రాయి పెట్టి, చేను ఈ చివర నుంచి ఆ చివరికి ఈడ్చుకుంటూ పోయింది. తిరిగి వచ్చేసరికి గోనె అడుగున ఒక్క చోటు ఖాళీ లేకుండా పల్లేరుకాయలు కరుచుకుని ఉన్నాయి. తిరగేసి కట్టెతో నాలుగు బాదితే అన్నీ రాలిపోయాయి.

"గొర్రె బొచ్చుకు ఎట్ల పట్టుకుంటాయో సూడలేదా నువ్వు? మనకు బొచ్చు లేదు, గోనె ఉండాది" అంది.

మధ్యాహ్నానికి మూడు కిలోలు కాదు, రెండు సంచులైనాయి. అవి మా పుంగనూరు ఇంటి మిద్దె మీద ఎండుతుంటే పక్కింటి పిల్లలెవరూ మిద్దె ఎక్కే ధైర్యం చేయలేదు. అప్పటికి నాకు పెళ్లయి ఏడు నెలలు. నా చదువు ఎక్కడ ఆగిపోతుందో అని నాకంటే ఎక్కువ బెంగ పడింది మా అత్తే. మా మామ నేను రాకముందే పోయారు. పుంగనూరు చింతపండు మండీల్లో కూర్చుని చింతపండు కొట్టి, గింజలు తీసి, ఆవిడ ఒక్కతే కొడుకును పెంచి కరెంటాఫీసులో లైన్‌మన్‌ను చేసింది. ఒక కాలు మడిచి ఒక కాలు చాచి, చేతిలో చిన్న సుత్తితో పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చునే పని అది. అట్లా ముప్పై ఏళ్లు కూర్చున్న మోకాళ్లు ఆవిడవి.

నా ప్రాజెక్టు సంగతి చెప్పాలి. నొప్పి మాత్రలు అదే పనిగా తింటే కిడ్నీలు దెబ్బతింటాయి. పల్లేరు సారం ముందుగా ఇచ్చి ఉంటే ఆ దెబ్బ తగ్గుతుందా అన్నది నేను తేల్చాల్సిన ప్రశ్న. కొన్ని ఎలుకలకు నొప్పి మందు ఒక్కటే ఇచ్చాను. కొన్నింటికి పొద్దున్నే పల్లేరు సారం, గంట తర్వాత నొప్పి మందు. కొన్ని రోజుల తర్వాత రక్తం, కిడ్నీలు పరీక్ష చేస్తే మందు ఒక్కటే తిన్న వాటి కిడ్నీలు పాడైపోయి కనిపించాయి. సారం తాగిన వాటివి చాలా మేలుగా ఉన్నాయి.

ఆ ఫలితం వచ్చిన రోజు నేను మదనపల్లె నుంచి బస్సులో కూర్చుని రాలేదు, ఎగిరి వచ్చాననే చెప్పాలి. వంటింట్లో రాగిసంకటి ముద్ద చేతిలో పెట్టుకుని మా అత్తకు అంతా వివరించాను. ఆవిడ ఎదురుగా పీట మీద కూర్చుని కథ వింటున్నట్టు వింది. చివరికి ఒకే ఒక్క ప్రశ్న వేసింది.

"ముందర కషాయమా పాపా, ముందర మాత్రా?"

"ముందు కషాయం అత్తా. గంట తర్వాత మాత్ర."

తలూపింది. ఆ ప్రశ్నకు నేను ఎంత మురిసిపోయానో చెప్పలేను. సరిగ్గా అదే ప్రశ్న నన్ను బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు కూడా అడిగాడు. మా అత్త చదువుకుని ఉంటే ప్రొఫెసరు అయ్యుండేదని కాలేజీలో కనపడిన వాళ్లందరికీ చెప్పాను.

అప్పటి నుంచి మా ఇంట్లో పొయ్యి మీద మొదట ఎక్కేది కాఫీ గిన్నె కాదు, పల్లేరు కషాయం. ప్రతి ఏడాదీ వానలు వెనకబట్టాక మా అత్త గోనె పట్టుకుని బీడు చేలకు పోయేది. కాయలు ఎండబెట్టి, దంచి, డబ్బాకు ఎత్తుకునేది. రోజూ తెల్లవారే ఒక లోటా తాగేది. మండీకి ఒక సీసా పట్టుకుపోయేది. తనతో కూర్చునే ఆరుగురు ఆడవాళ్లకూ పోసేది. మా అమ్మకు కుప్పానికి కూడా, ఎవరైనా పోతుంటే వాళ్ల చేతికి ఇచ్చి పంపేది. నేను వద్దనలేదు, తాగమని కూడా చెప్పలేదు. చదువు అయిపోయి, మదనపల్లె అవతల ఒక ఫార్మసీ కాలేజీలో నాకు లెక్చరరు ఉద్యోగం వచ్చింది. ల్యాబులో ఒక చుక్క ఎక్కువైతే పిల్లల మీద అరిచే నేను ఇంట్లో ఆ లోటాలో ఏముందో, ఎంత ఉందో, ఎందుకు తాగుతోందో ఒక్కనాడూ అడగలేదు. నా థీసిస్ లైబ్రరీ బీరువాలో మూలపడి ఉంటే, మా అత్త లోటాలో బతికి ఉందని సంబరపడ్డాను. నిజం చెప్పాలంటే గర్వపడ్డాను.

పోయిన చింతపండు కాలంలో ఒక సాయంత్రం మా అత్త మండీ నుంచి వచ్చి గడప మీద కూర్చుని చెప్పులు విప్పింది. పాదం మీద చెప్పు వారు పడిన చోట గాడి పడి ఉంది. కాళ్లు కడుక్కుని వచ్చినా ఆ గాడి పోలేదు. వేలితో నొక్కి చూశాను. నొక్కిన చోట గుంట అట్లాగే ఉండిపోయింది. అట్లా గుంట నిలిస్తే ఒంట్లో నీరు చేరిందని, కిడ్నీలు చూపించుకోవాలని ఏటా పిల్లలకు బోర్డు మీద రాసి చెప్పేదాన్ని నేనే.

మర్నాడే మదనపల్లెలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. రక్తపరీక్షలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఉండాల్సిన దానికి రెండింతలు దాటి ఉంది. షుగరు లేదు. బీపీ లేదు.

"నొప్పి మాత్రలు ఏమైనా వాడుతారా అమ్మా?" అని డాక్టరు మా అత్తనే అడిగాడు.

ఆవిడ నోరు తెరిచే లోపలే నేను అందుకున్నాను. "మా అత్త ఏ మాత్రా వేసుకోదు సార్. నేను ఫార్మసీ లెక్చరర్ని. నాకు తెలియకుండా మా ఇంట్లోకి మాత్ర రాదు."

"లేదమ్మా, ఒకసారి ఆవిడ్ని చెప్పనిస్తే..."

"చెప్తున్నాను కదా సార్, వేసుకోదని."

డాక్టరు నన్ను చూశాడు, మా అత్తను చూశాడు. ఆవిడ గోడ మీద క్యాలెండరు చూస్తోంది. ఆయన కాగితం మీద రాస్తూ మెల్లగా చెప్పాడు. కిడ్నీలు సగం శక్తి పోగొట్టుకున్నాయట. ఏదో ఒకటి వాటిని పాడు చేస్తూనే ఉందట. అదేమిటో కనిపెట్టి ఆపితే ఉన్నంత మేరకు నిలబెట్టుకోవచ్చు, ఆపకపోతే ఇంకో ఏడాదికో రెండేళ్లకో డయాలసిస్ మిషను మీద పడుకోబెట్టాల్సి వస్తుంది. రెండు వారాల తర్వాత మళ్లీ రమ్మన్నాడు.

ఆ రెండు వారాల్లో మొదటి వారం నేను చేసిన పనులు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. బోరునీళ్లు సీసాలో పట్టి కాలేజీ ల్యాబులో పరీక్ష చేయించాను. ఇంట్లో సత్తుగిన్నెలన్నీ అటక మీదికి ఎక్కించి స్టీలువి కొన్నాను. మండీలో చింతపండుకు ఏదైనా పొడి చల్లుతారేమో అని వెళ్లి ఆ మండీ ఆయనతో గొడవ పెట్టుకున్నాను. ఆయన పాపం నోరు వెళ్లబెట్టి చూశాడు. అన్నిటినీ అనుమానించాను, పొయ్యి మీద కషాయాన్ని తప్ప. అదొక్కటే ఆవిడ కిడ్నీలను కాపాడుతోందని ఇంకో అరలోటా ఎక్కువ తాగమని నేనే చెప్పాను కూడా.

ఆ ఆదివారం మా అమ్మను చూసి వద్దామని కుప్పం పోయాను. మా అమ్మ ఒట్టి మొండిమనిషి. నేను బీఫార్మసీలో చేరినప్పటి నుంచీ నా చదువు మీద ఆవిడకు గురి లేదు. తల నొప్పి అంటే అమృతాంజనం లాంటిది కూడా పూసుకోదు, తడిగుడ్డ కట్టుకుంటుంది. పెరట్లో చేతులు కడుక్కుంటుంటే కరేపాకు చెట్టు మొదట్లో ఖాళీ సీసాలు వరసగా కనిపించాయి. మా అత్త పంపిన కషాయం సీసాలు.

"ఏందమ్మా ఇది?"

"చెట్టుకు పోసినా. సూడు ఎట్ల ఏపుగా వచ్చిందో."

"ఆమె ముళ్లలో తిరిగి ఏరుకొచ్చి కాచి పంపిస్తే చెట్టుకు పోస్తావా?" ఒళ్లు మండిపోయింది నాకు.

"అరవద్దు మే. అది మాత్ర ఏసుకునే వాళ్లకు కదా. నేను మాత్ర ఏసుకోను. ఇంక అది నాకు యాల?"

"మాత్ర ఏసుకునే వాళ్లకని ఎవరు చెప్పింది?"

"మీ అత్తే. పోన్లో అనింది. పొద్దన లేస్తానే ఒక లోటా కషాయం తాగు వదినా, గంటయినాక నొప్పి మాత్ర ఏసుకో, మళ్లా మాయిటాల అట్లే సెయ్యి, ఏం కాదు, నా కోడలు ఎలకల్లో సూసింది. నేను రెండు పూట్లా ఏసుకుంటాండా, నువ్వూ ఏసుకో, భయపడొద్దు, అనింది." అమ్మ సీసాలు ఒక్కొక్కటే తీసి గోడకు ఆనించి పెడుతూ, ఏ మాత్రం తొణక్కుండా ఇంకో మాట చేర్చింది. "మీ అత్తకు నీమింద ఉండే నమ్మకం నాకు లేదు మే. ఏమనుకోవద్దు."

ఏమనుకుంటాను. ఆ నమ్మకం లేకపోవడం వల్లే మా అమ్మ కిడ్నీలు చెక్కుచెదరకుండా ఉన్నాయి.

అన్నం కూడా తినకుండా బస్సెక్కాను. వి.కోట వచ్చేదాకా మా అత్త మీద కోపం. డాక్టరు ముందు నన్ను అబద్ధాలకోరును చేసిందని పళ్లు కొరికాను. పలమనేరు దాకా ఆ మాత్రలు అమ్మినవాడి మీద కోపం. పలమనేరు దాటాక తిట్టడానికి ఇంకెవరూ మిగల్లేదు. కిటికీ పక్కన కూర్చుని, కొంగు అడ్డం పెట్టుకుని, పుంగనూరు వచ్చేదాకా ఏడ్చాను.

ఇంటికి పోయేసరికి మా అత్త పెరట్లో ఎండలో కూర్చుని కందిపప్పు చెరుగుతోంది. నేను చెప్పులు కూడా విప్పలేదు.

"మాత్రలు యాడ పెట్టినావు అత్తా?"

ఆవిడ నా మొహం చూసింది. చేట పక్కన పెట్టి, మోకాలు పట్టుకుని లేచి, వంటింట్లోకి పోయి ఉప్పుజాడీ వెనక నుంచి ఒక డబ్బా తీసుకొచ్చి నా చేతిలో పెట్టింది. లోపల చిన్న చిన్న కాగితం పొట్లాలు. ఒక్కో పొట్లంలో మూడు మాత్రలు. ఒకటి గులాబి రంగు, ఒకటి తెలుపు, ఒకటి పసుపు. వాటికి పేరుండదు, అట్ట ఉండదు. మండీ ఆడవాళ్లు దాన్ని నొప్పుల సెట్టు అంటారు. సుత్తి పట్టుకునే ముందు ఒక సెట్టు నోట్లో వేసుకుంటే సాయంత్రం దాకా మోకాళ్లు ఉన్నాయన్న సంగతే తెలియదట.

"ఎన్నాళ్ల నుంచి?"

"సెట్టు నేను శానా ఏండ్ల నుంచి ఎరుగుదును పాపా. ముందర వారానికి ఒకటి ఏసుకుంటా ఉన్న్యా. అదీ భయపడుకుంటా. కిడ్నీలు పోతాయని ఎవరో ఒకరు అంటానే ఉండిరి కదా." ఆవిడ నా ముందు తప్పు చేసిన మనిషిలాగా కాదు, పాఠం అప్పజెప్పే మనిషిలాగా నిలబడి చెప్పింది. "నీ ఎలకల సంగతి ఇన్నాక భయం పోయింది. అప్పటి నుంచి దినామూ ఏసుకుంటాండా. నువ్వు సెప్పినట్లే. ముందర కషాయం. గంట తర్వాత మాత్ర. ఒక్క దినం గూడా తప్పలేదు."

గడప మీద కూలబడ్డాను. నేను ఆ పరిశోధన చేయకపోయి ఉంటే మా అత్త వారానికి ఒక సెట్టుతో, భయంతో, మంచి కిడ్నీలతో ఉండేది. ఆవిడకు ఆ భయమే రక్ష. దాన్ని నేను సంకటి ముద్ద తింటూ తీసిపారేశాను.

"మరి డాక్టరుకు యాల చెప్పలేదు?"

"నువ్వు ముందే లేదని సెప్తివి కదా. అంత సదువుకున్న పిల్ల డాక్టరు ముందర లేదని సెప్పినాక, నేను ఉండాదంటే నీకేం మర్యాద ఉంటాది?"

ఆవిడ నా పక్కన కూర్చుని నా వీపు నిమిరింది. కాసేపటి తర్వాత, అనుమానం తీర్చుకుంటున్నట్టు అడిగింది.

"ఏం పాపా, కషాయం తాగిన ఎలకలు బాగుండాయంటివి కదా. ఇప్పుడు యాడుండాయి అవి?"

"లేవు అత్తా."

"యాడికి పోయినాయి?"

"చంపేసినాం. కిడ్నీలు బాగుండాయా లేదా తెలియాలంటే కోసి చూడాల్సిందే. లేకపోతే తెలియదు."

"అన్నిట్నీనా? బాగుండేటివి గూడానా?"

"అన్నిటినీ."

పెరట్లో పిచ్చుకలు వచ్చి చేటలో పప్పు తింటున్నా ఆవిడ అదిలించలేదు. "అంటే అవి కషాయం తాగి, మాత్రలు తిని, ఏండ్లకేండ్లు బతికి సూపించలేదు" అంది చివరికి.

"లేదు అత్తా. కొన్ని దినాలే."

"నువ్వు ఆ మాట సెప్పలేదు పాపా నాకు."

కోప్పడలేదు. నింద కూడా లేదు ఆ గొంతులో. ఉన్న సంగతి చెప్పింది, అంతే. నా జీవితంలో చాలామంది నన్ను చాలా మాటలు అన్నారు, నేనూ తక్కువ అనలేదు. ఇంత లోపలికి దిగిన మాట మాత్రం ఇంకొకటి లేదు.

రెండో వారం గడిచాక డాక్టరు దగ్గరికి డబ్బా కూడా పట్టుకుపోయాం. ఈసారి నేను నోరు మూసుకున్నాను. మా అత్తే పొట్లం విప్పి చూపించి, ముందర ఏది, తర్వాత ఏది, ఎన్ని పూటలు అన్నీ విడమరచి చెప్పింది. ఆయన మాత్రలతో పాటు కషాయం కూడా ఆపేయమన్నాడు.

"ఈ కషాయం ఇన్నాళ్లూ కాపాడబట్టి ఈ మాత్రమైనా మిగిలాయో, ఇదీ కలిసి పాడు చేసిందో నాకు తెలియదు. మీకేమైనా తెలుసా?" అని నన్ను అడిగాడు. ఎకసెక్కంగా కాదు, నిజంగానే అడిగాడు.

"తెలియదు సార్" అన్నాను. నేను ఎలుకలకు ఇచ్చింది ఆల్కహాలులో తీసి, ఆరబెట్టి, తూచి ఇచ్చిన సారం. మా అత్త తాగింది నీళ్లలో ఇష్టమొచ్చినట్టు మరిగించిన కషాయం. రెండూ ఒకటి కాదని నా విద్యార్థి ఎవరైనా చెప్పకపోతే మార్కులు కోసేదాన్ని.

అక్కడి నుంచి ఇంటికి పోదామంటే మా అత్త వినలేదు. మండీకి పోవాలంది. ఆరుగురు ఆడవాళ్లూ చింతపండు రాశి చుట్టూ కూర్చుని ఉన్నారు. సుత్తులు ఆగాయి. వాళ్లలో కొందరైనా పొద్దున సెట్టు వేసుకుని వచ్చిన వాళ్లే. మా అత్త నిలబడే చెప్పింది.

"నా కిడ్నీలు సగం పోయినాయంట. సెట్టు తినే పోయినాయి. కషాయం తాగితే ఏం కాదని మీకు సెప్పింది నేను. నా కోడలు సెప్పింది సరిగ్గానే సెప్పింది. నాకు సదువు లేదు, నేను ఇన్నది తప్పు. సెట్టూ మానేయండి, కషాయమూ మానేయండి."

నన్ను వెనకేసుకొస్తోంది. కిడ్నీలు పోగొట్టుకున్న మనిషి, పోగొట్టిన నా మర్యాద కాపాడుతోంది. నాకు అక్కడ నిలబడటం చేతకాలేదు.

"ఆమె విన్నది తప్పు కాదు. నేను చెప్పింది సగమే. ఆమె ఒక్క అక్షరం తప్పకుండా నేను చెప్పినట్టే చేసింది" అన్నాను. మా అత్త నా చెయ్యి గిల్లింది, నోరు మూసుకోమని. నేను మూసుకోలేదు. ఎలుకల సంగతి మొదటి నుంచి చివరి దాకా, చంపిన దాకా, చెప్పాను.

అందరిలోకీ వయసులో చిన్నది ఒకామె అంతా విని అడిగింది. "సరేక్కా. మరి నొప్పికి ఏం జేసేది?"

దానికి నా దగ్గర ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. మా ఆయన కరెంటు తీగలు చుట్టి వచ్చే పెద్ద చక్రాల చెక్కలు ఆఫీసులో అడిగి తెచ్చి, ఏడు ఎత్తుపీటలు చేయించి మండీలో వేశాడు. కాళ్లు మడవకుండా కూర్చోవచ్చు. గంటకోసారి లేచి నాలుగడుగులు నడవమని నేను పోరుతుంటాను. ఉప్పు కాపడం, నువ్వులనూనె మర్దన. నలుగురు సెట్టు మానేశారు. ఇద్దరు మానలేదు. వాళ్లను తిట్టడానికి నాకు నోరు రాదు. ఏడో పీట ఖాళీగా ఉంది, మా అత్త మండీ మానేసింది.

మొన్నటి రక్తపరీక్షలో అంకె కొద్దిగా దిగింది. పూర్తిగా దిగదని డాక్టరు ముందే చెప్పాడు. పెరగకుండా ఉంటే చాలు, అందుకు ఆవిడ ఇంక జన్మలో నొప్పి మాత్ర ముట్టకూడదన్నాడు.

మాత్రలు మానేశాక మా ఇంట్లో ఒక కొత్త చప్పుడు మొదలైంది. పొద్దున ఐదున్నరకు చాప మీద నుంచి లేచేటప్పుడు మా అత్త మూలుగుతుంది. చాలా పొడుగు మూలుగు, మోకాళ్లు రెండూ నిటారయ్యేదాకా. మొదటి వారం ఆ మూలుగు వినలేక దిండు చెవుల మీద పెట్టుకునేదాన్ని. తర్వాత్తర్వాత దాని కోసం మేలుకుని కాచుకోవడం మొదలుపెట్టాను. ఆవిడ మూలిగిందంటే మాత్ర వేసుకోలేదని అర్థం. మూలుగు వినపడ్డాక ఊపిరి పీల్చుకుని, లేచి, పాలు పొయ్యి మీద పెట్టేదాన్ని. ఎదుటి మనిషి నొప్పి వినడానికి చెవి ఒగ్గి పడుకునే కోడలు ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు.

పోయిన వారం ఒక పొద్దున మూలుగు వినపడలేదు. చాప చుట్టిన చప్పుడు మాత్రం వినపడింది. ఆవిడ లేచింది, మూలగకుండా లేచింది. పరుగెత్తి వంటింట్లోకి పోయి ఉప్పుజాడీ వెనక చూశాను. పప్పుడబ్బాలు తీసి చూశాను. ఏమీ లేవు. ముందు గదిలోకి వచ్చాను.

ఆవిడ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. కొంగు ఉండచుట్టి పళ్ల మధ్య గట్టిగా కరిచి పట్టుకుంది. కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి.

"ఏమిటి అత్తా ఇది?" అని కొంగు లాగేశాను.

"నేను మూలిగిన దినమంతా నీ మొగం సూడలేకపోతాండా పాపా. సచ్చిపోయినట్లు అయిపోతాండావు నువ్వు. అందుకే మెల్లగా లేద్దామని."

నేను ఆవిడ ముందు కింద కూర్చున్నాను. రెండు మోకాళ్లనూ చేతుల్లోకి తీసుకున్నాను. వాచి, వేడిగా ఉన్నాయి.

"నొప్పి ఉండాదా?"

"ఉండాది."

"అయితే మూలుగు అత్తా. నా మొగం ఎట్లన్నా పోనీ. నాకు వినపడేటట్టు మూలుగు."

ఆవిడ నా తల మీద చెయ్యి వేసి కాసేపు నన్నే చూసింది. తర్వాత ఆ చెయ్యి నా భుజం మీదికి దించి, బరువంతా నా మీద మోపి, ఒక అడుగు వేసి, వీధిలో వాళ్లకు వినపడేటట్టు మూలిగింది.